శరత్కాల ఫలములు

ఆశ్వయుజమాసము ప్రవేశింపగనే అరకులోయ సంతలకు సీతాఫలముల గంపలు దిగును. గిరిజన స్త్రీలు తెల్లవాఱకమునుపే కొండదారుల వెంట వీనిని మోసికొని వత్తురు. మేలైన పండ్లు విశాఖపట్నమునకు పోవును. దేవుడు తమ ముంగిటనే పండించినను, కోసినవారి బిడ్డలకు మిగులునది స్వల్పము. ఇది మాకు విచారకరముగా నున్నది.

సీతాఫలము, పేరునకు సీతమ్మదే యైనను, అమెరికా ఉష్ణప్రదేశములనుండి వచ్చి మన కొండలలో స్థిరపడినది. దాని తీయని గుజ్జు శీఘ్రముగా బలము నిచ్చును. జామపండు చవుక యని పలువురు చులకన చేయుదురు గాని, 100 గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. అంతే తూకము నారింజలో 50 మాత్రమే. కార్తీకమున చేతికి వచ్చు ఉసిరికయు జామకు తీసిపోదు.

ఈ విటమినుతో మన పిల్లలకేమి పని? చోడి అంబలిలో ఇనుము ఉన్నది గాని, ధాన్యములందలి ఇనుమును శరీరము కొంచెముగానే గ్రహించును. భోజనముతోపాటే జామగాని ఉసిరికగాని తినినచో హెచ్చుగా గ్రహించును. రక్తము తక్కువై పాలిపోయిన విద్యార్థికి లెక్కలెట్లు తలకెక్కును? ఉడికించిన ఈ విటమిను కొంత నశించును గనుక పండ్లను కడిగి పచ్చిగనే తినవలెను.

సీతాఫలపు గింజలను నూఱి పేలమందుగా తలకు రాచు అలవాటు కొందఱికి కలదు. ఆ పొడి కంటబడిన చూపునకే హాని. తల్లులు ఈ పని మానవలెను. పేలకు దువ్వెన చాలును. సంతకు గంప నెత్తుటకు ముందు బిడ్డకొక జామపండు తీసి యుంచుడు.