గడ్డినేలలు, షోలా వనాలు

సాగు మాని వదిలివేసిన నేలలో మొదట గడ్డి, కలుపు మొక్కలు మొలుస్తాయి. కొన్ని ఏండ్లకు పొదలు, పిమ్మట చెట్లు లేస్తాయి. ఇట్లు ఒక మొక్కల సముదాయం మరొక దానికి చోటిచ్చి తప్పుకొనడాన్ని అనుక్రమం అంటారు. చివరకు ఆ ప్రాంతపు శీతోష్ణస్థితికి తగినట్లు స్థిరపడే సముదాయమే చరమ సముదాయం. అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ క్లెమెంట్స్ 1916లో ఈ సిద్ధాంతాన్ని విపులంగా ప్రతిపాదించాడు.

దీని ప్రకారం, వర్షం సమృద్ధిగా కురిసే చోట గడ్డినేల ఉన్నదంటే, అది అడవిగా మారుతూ ఉండాలి; లేదా మనిషి అడవిని నరికి ఉండాలి. ఈ ఊహ అన్ని చోట్ల నిలుస్తుందా?

తమిళనాడులో నీలగిరుల పడమటి అంచున సుమారు 78 చదరపు కిలోమీటర్ల ముకుర్తి జాతీయవనం ఉన్నది. అక్కడ కొండవాలుల మీద గడ్డి; లోయలలో, వాగుల వెంట పొట్టి చెట్లు కిక్కిరిసిన సతతహరితారణ్యం. ఈ అడవినే షోలా అంటారు. రెండింటి నడుమ గీత గీసినట్లు హద్దు కనిపిస్తుంది. కురిసే వాన ఒకటే అయినప్పుడు చెట్లు ఆ హద్దు దాటవేమి?

ముఖ్యకారణం గడ్డకట్టే చలి. శీతకాలంలో మబ్బులేని రాత్రులందు గడ్డినేల వేడిని త్వరగా కోల్పోతుంది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగి నేలమీద మంచు పేరుకొంటుంది. షోలా చెట్ల లేతమొక్కలు దానికి కమిలిపోతాయి. అడవిలోపల కొమ్మల కప్పు వేడిని నిలుపుతుంది గనుక అవి బ్రతుకుతాయి. గడ్డి మొగ్గలు నేలను అంటిపెట్టుకొని ఉంటాయి. పైభాగం ఎండినా, కాలినా తిరిగి చిగురిస్తాయి. మందమైన బెరడు గల రోడోడెండ్రాన్ వంటి ఏ కొద్ది చెట్లో గడ్డినడుమ నిలుస్తాయి.

మరి ఈ గడ్డి ఎంత పాతది? నీలగిరులలోని పీట్ నేలల పొరలలో ఉన్న కార్బన్ రకాలను పరీక్షించి, భారతీయ శాస్త్రజ్ఞులు 1993లో ఫలితాలు ప్రకటించారు. 20,000 ఏండ్ల క్రితమే అక్కడ గడ్డి విస్తారంగా ఉండేది. పొడికాలంలో గడ్డి, తడికాలంలో చెట్లు విస్తరిస్తూ వచ్చాయి. అనగా ఆ గడ్డి గొడ్డలి వలన పుట్టినది కాదు.

ఇది తెలియక గడ్డినేలను ఖాళీభూమిగా ఎంచి, ఆస్ట్రేలియా నుండి తెచ్చిన వాటిల్, నీలగిరి చెట్లను విరివిగా నాటారు. వాటిల్ గింజలు మట్టిలో దశాబ్దాల తరబడి సజీవంగా ఉంటాయి. ఆ చెట్టు తనంతట తానే వ్యాపించి గడ్డిని కప్పివేసింది. నీలగిరి థార్ అనే కొండమేకకు మేత తగ్గింది. అయితే కొన్నిచోట్ల ఆ వాటిల్ నీడలోనే, మంచు సోకని కారణాన, షోలా మొక్కలు మొలుస్తున్నాయి. వాటిల్‌ను కొట్టి గడ్డిని తిరిగి తేవలెనా, ఆ నీడన షోలాను పెరగనీయవలెనా అన్నది నేటి సమస్య. ఒకే సమాధానం అన్ని వాలులకు సరిపోదు.

చెట్లు నాటడం మంచిపనే. కాని నాటే ముందు, ఆ నేలలో అంతవరకు ఏ సముదాయం ఉన్నదో, ఎందుకు ఉన్నదో తెలుసుకొనడం అవసరం. చెట్టు లేనంత మాత్రాన నేల బంజరు కాదు.