ఇంటర్మీడియట్ మాక్రో అర్థం కావట్లేదా? మా నాన్న ఈఎంఐ నాకు నేర్పిన పాఠం

ఈ ఎపిసోడ్‌లో నేను మిడ్ ఎగ్జామ్‌లో 30కి 9 మార్కులు తెచ్చుకున్న సబ్జెక్ట్ గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఆ 9 ఎందుకొచ్చాయో చెబితే మీకు పనికొస్తుంది.

ముందు ఒక మాట. ఇంటర్మీడియట్ అనగానే మనకి ఎంఈసీ, సీఈసీ గుర్తొస్తాయి. అది కాదు. యూనివర్సిటీలో మాక్రో ఎకనామిక్స్‌ని మెట్లుమెట్లుగా చెబుతారు. మొదటి మెట్టులో జీడీపీ అంటే ఏంటి, ద్రవ్యోల్బణం అంటే ఏంటి అని నిర్వచనాలు. చివరి మెట్టులో బరువైన మ్యాథ్స్. మధ్య మెట్టు పేరే ఇంటర్మీడియట్ మాక్రో. ఇక్కడ ప్రశ్న మారిపోతుంది. "వడ్డీ రేటు అంటే ఏంటి" అని అడగరు. "వడ్డీ రేటు పెరిగితే ఏది ఎటు కదులుతుంది, ఎందుకు" అని అడుగుతారు.

నేను బీఏ తెలుగు మీడియం. స్థూల అర్థశాస్త్రం, గుణకం, ద్రవ్యత్వాభిరుచి, అన్నీ తెలుగులో కంఠస్థం. 2022లో ఎంఏకి హైదరాబాద్ వచ్చాను. మొదటి సెమిస్టర్‌లోనే బోర్డు మీద ఐఎస్-ఎల్ఎం. ఒకటి కిందికి దిగే గీత, ఒకటి పైకి ఎక్కే గీత. కీన్స్ 1936లో రాసిన పుస్తకంలోని ఆలోచనని జాన్ హిక్స్ 1937లో ఇలా బొమ్మగా కుదించాడు. నేనేం చేశాను? బొమ్మలన్నీ బట్టీ పట్టాను. ఎగ్జామ్‌లో "కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే ఏమవుతుందో వివరించండి" అన్నారు. గీతలు నీట్‌గా గీశాను, బాణాలు పెట్టాను. వివరించమన్న చోట ఏం రాయాలో తెలియలేదు. అందుకే 9.

ఆ సంక్రాంతికి నరసరావుపేట వెళ్ళాను. మా నాన్న ఆర్టీసీ గ్యారేజ్‌లో మెకానిక్. 2021లో హౌస్ లోన్ తీసుకుని ఇల్లు కట్టారు. భోజనాలయ్యాక ఫోన్ నా చేతికిచ్చి, "అమ్మా, బ్యాంకు నుంచి ఏదో మెసేజ్ వచ్చింది. నెలనెలా కడుతూనే ఉన్నా. ఇంకా కట్టాల్సిన ఏళ్ళు తగ్గకుండా పెరిగాయేంటి? నువ్వు చదివేది ఇదేగా, చెప్పు" అన్నారు.

నేను చెప్పలేకపోయాను. 30కి 9 వచ్చినప్పుడు కూడా అంత సిగ్గనిపించలేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మీరూ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 25 లక్షల లోన్, 20 ఏళ్ళు, 7 శాతం వడ్డీ అనుకుందాం. ఈఎంఐ సుమారు 19,380 రూపాయలు. ఇప్పుడు రిజర్వ్ బ్యాంక్ ఏం చేసిందో చూడండి. 2022 మే నుంచి డిసెంబర్ లోపు రెపో రేటుని ఐదు విడతల్లో 4 శాతం నుంచి 6.25 శాతానికి తీసుకెళ్ళింది. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ హౌస్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉన్నాయి. కాబట్టి మన 7 శాతం 9.25 అవుతుంది. 25 లక్షల మీద ఒక్క నెల వడ్డీయే సుమారు 19,270. అంటే 19,380 కడితే అసలుకి వెళ్ళేది నూట పది రూపాయలు! అదే ఈఎంఐతో లోన్ తీరాలంటే దాదాపు 56 ఏళ్ళు. అంతకాలం బ్యాంకు ఆగదు కదా, అందుకే కొంతవరకు ఏళ్ళు పెంచి, ఆపైన ఈఎంఐ కూడా పెంచుతుంది. మా నాన్న లోన్ ఇంతకన్నా చిన్నది, కానీ జరిగింది ఇదే.

పొద్దున ఈ లెక్క చూపించాను. నాన్న రెండే మాటలన్నారు. "అయితే మేడ మీద గది ఈ ఏడు వద్దులే. సిమెంటు వాళ్ళకి ఫోన్ చేసి చెప్తాను."

అప్పుడు వెలిగింది నాకు. ఐఎస్ గీత అంటే ఇదే! వడ్డీ పెరిగితే పెట్టుబడి తగ్గుతుంది అని వందసార్లు రాశాను. ఆ "పెట్టుబడి" మా మేడ మీద గది. గది ఆగితే మేస్త్రీకి పని లేదు, సిమెంటు కొట్టుకి బేరం లేదు. మేస్త్రీ ఇంట్లో ఖర్చు తగ్గుతుంది, ఆ వీధిలో కిరాణా కొట్టు అమ్మకం తగ్గుతుంది. బట్టీ పట్టిన గుణకం ఇదే. చేతికొచ్చిన రూపాయిలో 80 పైసలు ఖర్చు పెట్టే చోట, లక్ష రూపాయల పని ఆగితే పుస్తకం లెక్కలో మొత్తం ఆదాయం 5 లక్షలు తగ్గుతుంది. పన్నులు, దిగుమతులు కలిపితే అంత ఉండదు, కానీ దారి అదే.

మరి రెండో గీత, ఎల్ఎం? అది డబ్బు వైపు కథ. పాత పద్ధతిలో కేంద్ర బ్యాంకు డబ్బు ఎంతుండాలో నిర్ణయిస్తుంది, వడ్డీ దాన్నిబట్టి వస్తుంది అని గీస్తారు. ఇప్పుడు కేంద్ర బ్యాంకులు నేరుగా రేటే నిర్ణయిస్తున్నాయి. అందుకే కొన్ని కొత్త పుస్తకాల్లో ఆ గీత అడ్డంగా, చదునుగా ఉంటుంది. రెండు పుస్తకాల్లో రెండు బొమ్మలు చూసి కంగారు పడకండి.

నాన్న ఇంకో ప్రశ్న అడిగారు. ఇదే అసలైన ప్రశ్న. "ధరలు పెరిగింది నా వల్ల కాదుగా? మరి నాకెందుకు ఈ శిక్ష?"

నిజమే. 2022 ఫిబ్రవరిలో రష్యా-ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. క్రూడ్ ఆయిల్ మండింది. మన ఇళ్ళల్లో వాడే సన్‌ఫ్లవర్ ఆయిల్ ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది, అదీ మండింది. ఆ ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతం. రిజర్వ్ బ్యాంక్ లక్ష్యమేమో 4 శాతం, అటూ ఇటూ 2. ఇది సరఫరా దెబ్బ. రెపో పెంచితే నూనె ఓడ రాదు. రెపో డిమాండ్‌నే నొక్కగలదు. మరి ఎందుకు పెంచారు? ధరలు ఇలాగే పెరుగుతాయని జనం నమ్మితే కొట్టువాడు ముందే రేటు పెంచుతాడు, కూలీలు ఎక్కువ అడుగుతారు, ఒకసారి వచ్చిన దెబ్బ ఊళ్ళో స్థిరపడిపోతుంది. ఆ నమ్మకం పాతుకోకుండా ఆపడానికి మా నాన్న లాంటివాళ్ళ గది ఆగుతుంది. ఇది న్యాయమా అని అడిగితే మోడల్ చెప్పదు. ఎవరి మీద భారం పడుతుందో మాత్రం చూపిస్తుంది.

ఇక చదవడం ఎలా? నేను మూడు పనులు చేశాను. ఒకటి, ప్రతి గీత పక్కన ఒక మనిషిని రాశాను: లోన్ తీసుకున్నవాడు, కొట్టువాడు, రిజర్వ్ బ్యాంక్. రెండు, గీత కదిపే ముందు "ఏది మారలేదని అనుకుంటున్నాం" అని ఒక లైన్ రాశాను. సగం తప్పులు అక్కడే దొరికాయి. మూడు, రిజర్వ్ బ్యాంక్ ద్రవ్య విధాన కమిటీ మినిట్స్ చదివాను. ఆరుగురు సభ్యులు, ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకో ఉంటుంది. మీటింగ్ అయిన 14వ రోజున వెబ్‌సైట్‌లో పెడతారు, ఫ్రీ. సోలో మోడల్‌కైనా, ఫిలిప్స్ కర్వ్‌కైనా మొదటి రెండు పనులు సరిపోతాయి.

ఇంట్లో ఫ్లోటింగ్ లోన్ ఉంటే ఇది కూడా చెప్పండి. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఒక ఆదేశం ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, ఏళ్ళు పెంచుకోవాలా అనే ఎంపిక బ్యాంకు మీకివ్వాలి. అడగండి. మా నాన్న ఏరియర్స్ డబ్బు వచ్చినప్పుడు కొంత అసలుకి కట్టేశారు.

సెమిస్టర్ ఎగ్జామ్‌లో మళ్ళీ వడ్డీ పెంపు మీదే ప్రశ్న వచ్చింది. ఈసారి గీతలు కొంచెం వంకర పోయాయి. వివరణ మాత్రం రెండు పేజీలు రాశాను, పాసయ్యాను.

రిజర్వ్ బ్యాంక్ తర్వాతి పాలసీ వచ్చే రోజు తెల్లకాగితం మీద మీ బొమ్మ గీసి, పక్కన మీ ఇంట్లో ఒకరి పేరు రాయండి. మళ్ళీ కలుద్దాం.