మతిమరుపా? చదువు లేకనా?

తలనెరసినవారి జ్ఞాపకశక్తిని చూడడానికి 1975లో అమెరికాలో 30 మార్కుల చిన్న పరీక్ష ఒకటి కూర్చారు. అందులో 100 నుండి 7 చొప్పున తీసివేస్తూ పోవాలి. లేదా ఒక ఇంగ్లీషు మాటకు స్పెల్లింగు వెనుకనుండి చెప్పాలి. స్పానిష్ పలికినట్టే వ్రాసే భాష. స్పెల్లింగు అప్పజెప్పే అలవాటు తక్కువ. ఇక బడి ముఖమే చూడని అవ్వ తడబడితే, దానిని రోగమందామా?

స్పెయిన్ వైద్యుడు లోబో, ఆయన సహచరులు 1979లో ఆ పరీక్షను తమ జనానికి తగినట్టు మార్చారు. 30 పెసెటాలలో (అప్పటి వారి నాణెం) మూడేసి ఇస్తూపోతే ఎన్ని మిగులుతాయని అడిగారు. తిరిగి పలకవలసిన వాక్యంలోకి గోధుమచేను, కుక్కలు వచ్చాయి. సంతలో చిల్లర లెక్కపెట్టినవారికి ఇది కొత్తా?

ఒక్క పరీక్ష మార్కులతోనే జబ్బు నిర్ధారణ కాదు. మన పెద్దలను తీసుకువెళ్లినప్పుడు ఎంతవరకు చదివారో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, తెలిసిన దారి తప్పుతున్నారేమో డాక్టరుగారికి ముందే చెప్పండని మా మనవి.