కట్టూ బొట్టూ కట్టుబాటూ

2018 నవంబరులో పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలంలోని తోకలపల్లి పేరు ఉన్నట్టుండి పేపర్లకెక్కింది. ఊరి పెద్దలు కూర్చుని నైటీని నిషేధించారు. పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా ఆడవాళ్లు నైటీతో వీధిలో కనపడకూడదు. కనపడితే 2,000 రూపాయల జరిమానా. ఫలానావిడ వేసుకుందని చెప్పినవారికి 1,000 రూపాయల బహుమానం. సంగతి బయటికి పొక్కాక తహసీల్దారు, పోలీసులు ఊరికి వెళ్లాల్సి వచ్చింది.

ఆ వార్త చదివి చాలామంది నవ్వుకున్నారు. నవ్వాల్సిందే. కానీ ఒక్క విషయంలో ఆ పెద్దలకు మార్కులు వెయ్యాలి. ఫ్యాషన్ అంటే పనీపాటా లేనివాళ్ల సరదా అని మనం తేలిగ్గా తీసిపారేస్తాం. వాళ్లు తీసిపారెయ్యలేదు. ఒంటిమీది గుడ్డ మారితే ఊళ్లో ఇంకేదో కూడా మారబోతోందని పసిగట్టారు. ‘బట్టల్లో ఏముందండీ’ అని అడిగేవాళ్లు చాలావరకు తమ బట్టల గురించి ఎవరికీ జవాబు చెప్పుకోవాల్సిన అవసరం రానివాళ్లే. ఆ అవసరం పడ్డవాళ్లు అలా అడగరు.

ఇంతకీ నైటీ చేసిన నేరమేమిటి? పేరుకది రాత్రిపూట బట్ట. మన ఇళ్లలో దానికి రాత్రితో పని లేదు. ఐదున్నర మీటర్ల చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పంపు దగ్గర బిందె ఎత్తడం, మే నెలలో పొయ్యి ముందు నిలబడటం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. నైటీ అయితే తల మీంచి తొడుక్కుంటే అయిపోయింది. పిన్నీసులు అక్కర్లేదు, ఫాల్ కుట్టించక్కర్లేదు, ఇస్త్రీ అసలే అక్కర్లేదు. పైగా చీరలో కనిపించే నడుమూ వీపూ నైటీలో కనిపించవు. ఒళ్లు కప్పుకోవడమే మర్యాదైతే చీరకంటే నైటీకే ఎక్కువ మర్యాద దక్కాలి.

మరి అభ్యంతరం దేనికి? నాకు తోచింది చెబుతాను. అది మరీ సుఖంగా ఉంది. ఇంట్లో కట్టిన బట్టతోనే వీధిలోకి రావడమంటే ఈ వీధి కూడా నాదేనని అనడం. మగవాడు లుంగీ మోకాళ్ల పైకి మడిచి, బనీను మీదే సెంటర్లో టీ తాగుతూ ఆ మాట ఎప్పటినుంచో అంటున్నాడు. అతనికి జరిమానా వేసిన ఊరి సంగతి నేను వినలేదు.

పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం తలుపు తీసే ఇల్లాలిని ఒకసారి గమనించండి. ఒక చెయ్యి గడియ మీద పడేలోపే రెండో చెయ్యి తలుపు వెనక కొక్కేనికి వేలాడే తువ్వాలునో, కూతురి పాత చున్నీనో అందుకుంటుంది. నైటీ రంగుకూ దానికీ పొంతన ఉండదు. లిఫ్టులో, కూరల బండి దగ్గర, పిల్లల స్కూలు బస్సు దగ్గర అదే కట్టు. ఆ తువ్వాలు ఎండ కోసం కాదు, చెమట కోసం అంతకన్నా కాదు. పైట బాకీ తీర్చేశానని లోకానికి చూపించే రసీదు. ఏ డిజైనరూ దాన్ని గియ్యలేదు, ఏ సినిమా హీరోయినూ వేసి చూపించలేదు. సౌకర్యానికీ కట్టుబాటుకీ మధ్య ఆడవాళ్లు ఎవరికివారు కుదుర్చుకున్న రాజీ అది. మన కాలపు ఫ్యాషన్ ఏదని ఎవరైనా అడిగితే ర్యాంపుల మీద నడిచేదాన్ని పక్కనపెట్టి నేను దీన్నే చూపిస్తాను.

నిన్నటి వింత, ఇవాళ్టి ఆచారం

తిరుమలలో ఆర్జిత సేవలకు వెళ్లేవాళ్లు సంప్రదాయ దుస్తుల్లో రావాలి. మగవాళ్లకు పంచె లేదా కుర్తా పైజమా. ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ, లేకపోతే చున్నీతో చుడీదార్. ఆ చివరి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పల్లెటూరి అమ్మాయి మొదటిసారి చుడీదార్ వేసుకుని కాలేజీకి బయల్దేరిన రోజుల్లో దాన్ని ‘పంజాబీ డ్రెస్సు’ అనేవాళ్లు. వయసొచ్చిన పిల్ల పైట వెయ్యకుండా ఈ వేషమేమిటని ఇళ్లలో యుద్ధాలు జరిగాయి. పంజాబు నుంచి వచ్చిన ఆ వేషానికి ఇప్పుడు వెంకన్న సన్నిధిలోనే సంప్రదాయ హోదా దక్కింది. జీన్స్ మాత్రం ఇంకా వరసలో నిలబడి ఉంది.

చీరా జాకెట్టూ మాత్రం ఏనాటివి? జాకెట్టు, లోలంగాలతో చీర కట్టే పద్ధతిని 19వ శతాబ్దం రెండో సగంలో చదువుకున్న కుటుంబాల్లోకి తెచ్చినవారిలో రవీంద్రనాథ ఠాగూరు వదినగారు జ్ఞానదానందినీ దేవి ముఖ్యురాలు. మన పల్లెల్లో రవిక లేకుండా పైట చుట్టుకున్న ముసలమ్మలను చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లను సిగ్గులేనివాళ్లని ఎవరూ అనలేదు. అదే రవికను కొన్ని కులాల్లో భర్త పోయిన స్త్రీకి నిషేధించారు. తల గొరిగి, రంగుల్లేని బట్ట చుట్టబెట్టి, పదమూడేళ్ల పిల్లనైనా చూడగానే ఆమె జీవితం ముగిసిందని తెలిసేలా చేశారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ పెళ్లికూతురి ఒంటి మీదికి రంగు చీర రావడమే ఊరికి సగం సమాచారం చెప్పి ఉంటుంది.

కేరళ వైపు ఇంకా ఘోరం. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకోవడం కోసం దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నారు. 1859లో రాజుగారు సరేనన్నారు, కానీ పైకులాల స్త్రీల తీరులో కప్పుకోకూడదని షరతు పెట్టారు. ఆ షరతులోనే అసలు సంగతంతా ఉంది. గుడ్డ ఇస్తాం, పోలిక ఇవ్వం.

భుజం మీద కండువా

తెలంగాణలో దొర గడి ముందు నుంచి నడిచి వెళ్లాల్సి వస్తే చెప్పులు చేతికి రావాలి, తలపాగా చంకలోకి పోవాలి, భుజం మీది కండువా కిందికి దిగాలి. కోస్తాలోనూ పెద్ద కులాల వీధుల్లో ఇంచుమించు ఇదే లెక్క. ఇవాళ ఆ కండువాకు పట్టిన వైభవం చూడండి. పార్టీలో చేరడమంటే నాయకుడి చేత కండువా కప్పించుకోవడమే. పసుపు, గులాబీ, మూడు రంగులు, కాషాయం. ఎన్నికల ముందు నెలలో కొందరి మెడలో రెండు మూడు మారతాయి కూడా. ఎన్టీఆర్ 1982లో ఖాకీ చొక్కా తొడుక్కుని చైతన్యరథం ఎక్కాడు, తర్వాత కాషాయంలోకి మారాడు. 2003లో రాజశేఖరరెడ్డి తెల్లపంచె, తలపాగాతో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచాడు. ఉపన్యాసం వినకముందే జనం బట్టలు చదివేస్తారని ఇద్దరికీ తెలుసు.

దళితవాడ మొదట్లో కనిపించే అంబేడ్కర్ విగ్రహాన్ని మాత్రం చాలామంది సరిగ్గా చదవరు. నీలం సూటు, టై, చేతిలో పుస్తకం, ఎత్తిన చూపుడువేలు. ‘గాంధీగారు కొల్లాయి కడితే ఈయన సూటేమిటి, ఈ ఎండల్లో’ అని వెటకారాలాడినవాళ్లను నేనెరుగుదును. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలను కూర్చోబెట్టి బట్టల గురించే మాట్లాడారు. కులం ఆనవాలు పట్టించేలా చీర కట్టొద్దన్నారు, ఆ రకం లోహపు నగలు మొయ్యొద్దన్నారు. మర్నాటికల్లా అక్కడి ఆడవాళ్లు చీరకట్టు మార్చారు. చెరువు నీళ్ల కోసం, మనుషులుగా బతకడం కోసం జరుగుతున్న పోరాటంలో కుచ్చిళ్ల గురించి మాట్లాడటం చిన్నతనమని ఆయన అనుకోలేదు. హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో నిలబెట్టిన 125 అడుగుల విగ్రహాలకూ ఆ సూటే. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, టక్ చేసిన చొక్కా, మెరిసే బూట్లతో వాడలోంచి బయటికొచ్చే కుర్రాణ్ని ‘వీడి సోకు చూడు’ అని గుడి అరుగు మీద కూర్చున్నవాళ్లు ఎందుకు గొణుగుతారో ఈ వరసలో పెట్టి చూస్తే అర్థమవుతుంది.

గద్దర్ దారి దీనికి తలకిందులు. ఉస్మానియాలో ఇంజినీరింగులో చేరి, ఆ తర్వాత బ్యాంకు ఉద్యోగం చేసిన మనిషి చొక్కా విప్పేశాడు. గోచీ బిగించి, గొంగడి భుజాన వేసుకుని, కాలికి గజ్జె కట్టాడు. గొంగడి అంటే దక్కను నల్లగొర్రె బొచ్చుతో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించిన దుప్పటి. తల మీంచి కప్పుకుంటే వానకు గొడుగు, పరిస్తే పక్క, మడిస్తే మూట. గొర్రెల కాపరి ఒంటి మీద ఎవరూ పట్టించుకోని ఆ ముతక గుడ్డ గద్దర్ భుజం మీదికి వచ్చేసరికి పోలీసులు గుర్తుపెట్టుకునే గుడ్డ అయింది. సూటూ గొంగడీ రెండూ చేసిన పని ఒక్కటే, ‘నువ్వు ఇలాగే ఉండాలి’ అన్నవాడికి ఎదురు తిరగడం. కానీ గద్దర్‌కు విప్పడానికి చొక్కా ఉంది. చొక్కాయే దక్కనివాడికి నిరాడంబరత గురించి పాఠం చెప్పడానికి మనకు నోరెలా వస్తుందో నాకెప్పుడూ ఆశ్చర్యమే.

లంబాడీ ఆడవాళ్ల సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. అద్దాలు కుట్టిన కాంచళి, బరువైన పేటియా, తల మీంచి జారే టుక్రీ, మోచేతి పైదాకా తెల్లగాజులు. దేవరకొండ, మహబూబాబాద్ వైపు బస్సుల్లో ఆ అవ్వలు ఎక్కితే అద్దాల వెలుగు సీట్ల మీద ఆడుతుంది. వాళ్ల మనవరాళ్లు హాస్టళ్లకు పోయి చుడీదార్లలోకి మారిపోయారు. తరగతిలో వెక్కిరింత పడలేక కొందరు, ఆ బరువు మొయ్యలేక కొందరు. ఇప్పుడు ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి వచ్చినా, తీజ్ పండుగ వచ్చినా అదే అమ్మాయిలు అవ్వ పెట్టె తెరిపించి పేటియా కట్టుకుని ఫొటోలు పెడుతున్నారు. అందులో నాటకమేమీ లేదు. వద్దనుకునే వీలు వచ్చాక కావాలనుకున్నారు. నాకు రుచించనిది వేరే ఉంది. మంత్రిగారు వస్తున్నారనగానే ఎండలో రెండు వరసలుగా నిలబెట్టడానికి మాత్రం అధికారులకు ఆ బట్టలు గుర్తొస్తాయి. గాజుల అవ్వ వెనక పోడు పట్టా అర్జీ ఉందేమో అడిగే తీరిక ఉండదు.

బట్ట కట్టేవాళ్ల గురించి ఇంత మాట్లాడి నేసేవాళ్లను వదిలేస్తే అన్యాయం. పోచంపల్లి చీర మీద అంచులు కాస్త చెదిరినట్టుండే ఆ వజ్రాల డిజైను నేతలో పుట్టేది కాదు, అంతకుముందే దారం మీద పుడుతుంది. నూలును కొలత ప్రకారం రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి రంగులో ముంచితే కట్టినచోట రంగెక్కదు. దాన్నే చిటికి కట్టడం అంటారు. అంతకుముందు దారాన్ని ఆసు పోయాలి. ఒక్క చీరకు చేతిని ఆ కొస నుంచి ఈ కొసకు 9,000 సార్లు తిప్పాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. భుజాల నొప్పితో కుంగిపోతున్న తల్లి లక్ష్మి కోసం చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కుస్తీపట్టి ఆసు యంత్రం చేశాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో సినిమా కూడా వచ్చింది. అదే డిజైను మిల్లు గుడ్డ మీద అచ్చేసి అయిదారు వందలకు అమ్మేస్తుంటే కొనేవాళ్లను తప్పు పట్టలేను, అందరి జేబూ ఒకటి కాదు. కాకపోతే అంచు దగ్గర తిరగేసి చూడండి. అచ్చువేసినదైతే వెనక రంగు వెలవెలబోతుంది. చిటికి కట్టినదానికి ముందూ వెనకా తేడా తెలియదు.

ఇక లంగా ఓణీ. ఒకప్పుడు హైస్కూలు పిల్లలు రోజూ కట్టుకున్న బట్ట. ఇప్పుడు ఊళ్లల్లోనే కనపడదు. అది వెళ్లి డల్లాస్‌లో, న్యూజెర్సీలో అద్దె హాళ్లలో తేలింది. ‘హాఫ్ శారీ ఫంక్షన్’ అని కార్డు వేస్తారు. సందర్భమేమిటో కార్డులో రాయరు, అమెరికా స్నేహితులు అడిగితే పిల్ల ఇంకో కథ చెబుతుంది. జాకెట్టు కొలతలు వీడియో కాల్‌లో హైదరాబాద్ టైలరుకు చేరతాయి. బట్టలు ఎవరి సూట్‌కేసులోనో వస్తాయి, విప్పి చూస్తే ఈలోపు పిల్ల రెండంగుళాలు పొడుగైంది. ‘అక్కడ పుట్టినా ఎంత పద్ధతిగా ఉందో’ అని అమ్మమ్మ ఫోన్లో మురిసిపోతుంది. ఆ పిల్లకు ఇది అమ్మమ్మ ఊరికి వంతెనో, ఒకపూట రాకుమారి వేషమో, పెద్దవాళ్ల పోరు పడలేక ఒప్పుకున్న తద్దినమో బయటివాళ్లం చెప్పలేం. ఒకే పిల్లకు ఒకే సాయంత్రంలో మూడూ కావచ్చు.

ఈమధ్య చాలామంది ఖర్చు కలిసొస్తుందని అదే రోజు తమ్ముడికి పంచెల ఫంక్షన్ కూడా కానిచ్చేస్తున్నారు. వాడికి వెల్‌క్రో అంటించిన రెడీమేడ్ పంచె. అక్షింతలు వేయించుకుని, ఫొటోకు ఒక నవ్వు పడేసి, భోజనాలకు పిలిచేలోపు జీన్స్‌లోకి మారిపోతాడు. ఎవరూ ఏమీ అనరు, చాలామంది గమనించరు కూడా. అక్క మాత్రం ఆఖరి చుట్టం కారెక్కేదాకా ఓణీలోనే ఉండాలి. మధ్యలో పైట జారితే సర్దడానికి ముగ్గురు అత్తయ్యలు లేస్తారు.