రోడ్డు మీదా... రాళ్ల మీదా?

తారురోడ్డు మీద చిరుతలా దూసుకుపోయేవాళ్లు కూడా కొండదారి వచ్చేసరికి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మెల్లగా నడుస్తారు. అక్కడ అదేమీ చిన్నతనం కాదు. ఎందుకంటే 'ట్రెయిల్ రన్నింగ్' లెక్కలే వేరు!

గడియారమా... ఎత్తా?

మారథాన్ అంటే ఎక్కడైనా 42.195 కిలోమీటర్లే. 2023లో షికాగోలో కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టమ్ ఆ దూరాన్ని 2 గంటల 35 సెకన్లలో ముగించాడు. అంటే కిలోమీటరుకు మూడు నిమిషాలు కూడా పట్టలేదన్నమాట.

మరి కొండల్లోనో? ఫ్రాన్స్‌లోని షమోనీలో 2003లో మొదలైన 'యూటీఎంబీ' పందెం ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మీదుగా మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ సాగుతుంది. దూరం సుమారు 170 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తంతా కలిపితే దాదాపు 10,000 మీటర్లు... ఎవరెస్టు కన్నా ఎక్కువ! 2022లో స్పెయిన్ వీరుడు కిలియన్ జోర్నెట్ దీన్ని 20 గంటల్లోపే పూర్తిచేసి గెలిచాడు. కిలోమీటరుకు దాదాపు ఏడు నిమిషాలు. పొద్దున్నే పార్కులో తాపీగా పరిగెత్తేవాళ్ల వేగమే అది!

ఒంటికేది మేలు?

రోడ్డు మీద ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది. భారమంతా అవే కీళ్లమీదా, అవే కండరాలమీదా. మోకాళ్ల నొప్పులు చాలామందికి అలానే మొదలవుతాయి. అదే వేర్లు, గులకరాళ్లు, బురద ఉన్న బాటలో ఏ రెండు అడుగులూ ఒకలా ఉండవు. చీలమండ, నడుము కండరాలకూ పని పడుతుంది. అలాగని దెబ్బలు తగలవని కాదు. కాలు మడతపడటం ఇక్కడే ఎక్కువ. ఇక, దిగేటప్పుడు ఒంటి బరువునంతా తొడలే ఆపాలి. మర్నాడు మెట్లు దిగుతుంటే చుక్కలు కనిపించేది అందుకే.

కొండతో ఆటలొద్దు

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పందేనికి 172 మంది బయల్దేరారు. మధ్యలో ఒక్కసారిగా వాన, వడగళ్లు, ఎముకలు కొరికే గాలి. చాలామంది ఒంటిమీద ఉన్నవి పల్చటి నిక్కరు, టీషర్టే. 21 మంది ప్రాణాలు కోల్పోయారు. ఝు కెమింగ్ అనే గొర్రెల కాపరి ఆరుగురిని గుహలోకి చేర్చి బతికించాడు.

రోడ్డు మీద అలసిపోతే ఆటో ఎక్కి ఇంటికి రావచ్చు. కొండమీద ఆ వీల్లేదు. అందుకే యూటీఎంబీలో వానకోటు, తలకు కట్టుకునే లైట్లు, ఈల, నీళ్లు, ఫోను లేనిదే పరుగుకు అనుమతించరు.

మీరూ మొదలుపెడతారా?

రోడ్డును వదిలేయనక్కర్లేదు. వారానికి ఒక్కరోజు మట్టిబాట పట్టండి. అడుగున గట్టి పళ్లున్న బూట్లు వేసుకోండి. ఎన్ని కిలోమీటర్లన్నది మరిచి, ఎన్ని నిమిషాలన్నదే చూసుకోండి. చిన్న చిన్న అడుగులేస్తూ, చూపు నాలుగడుగుల ముందు ఉంచండి. అడవిలోకైతే అటవీ సిబ్బంది అనుమతితోనే వెళ్లండి. ఒంటరిగా మాత్రం వద్దు. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి మరీ బయల్దేరండి!