నొప్పి మాత్ర: మేలు, ముప్పు

తుమ్మలపల్లె గనిలో పనిచేసేవారికైనా, ప్రొద్దుటూరులో మగ్గం నేసేవారికైనా నడుము నొప్పి కొత్త కాదు. మీకు ఆపరేషన్ అయినప్పుడు డాక్టరుగారు ట్రమడాల్ రాసిచ్చారనుకోండి. మిగిలిన మాత్రలను జాలిపడి పక్కింటివారికి ఇస్తున్నారా? దయచేసి ఆ పని చేయకండి.

ట్రమడాల్, మార్ఫిన్ వంటివి నల్లమందులాగే మెదడుపై పనిచేస్తాయి. మోతాదు మించితే మత్తు కమ్మి ఊపిరి మందగిస్తుంది. మద్యమో, నిద్రమాత్రలో తోడైతే ప్రాణమే పోవచ్చు. కొన్నాళ్లకు శరీరం వాటికి అలవాటు పడుతుంది. అందుకే 2018లో ప్రభుత్వం ట్రమడాల్‌ను మత్తుమందుల చట్టం కిందికి తెచ్చింది.

అలాగని నొప్పిని ఓర్చుకుంటూ కూర్చోమని కాదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో రోగుల బాధ తగ్గించేది మార్ఫినే. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

డాక్టరు రాసినంతే వేసుకోండి. మలబద్ధకం వస్తే ఆయనకు చెప్పండి. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానకండి. ఆయన చెప్పినట్లు మెల్లగా తగ్గించండి. మాత్రలను పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేయండి. వేసుకున్నవారు లేపినా లేవకపోతే, ఊపిరి భారంగా తీస్తుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

పొరుగువారు నొప్పితో బాధపడుతుంటే మీ మాత్ర ఇవ్వకండి. వారిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అదే నిజమైన ప్రేమ.