ఒక్కో బిడ్డకు ఒక్కో మెట్టు

ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ ఒకేలా అన్నం పెడతామా? చిన్నదానికి పప్పూ నెయ్యీ వేసి మెత్తగా కలుపుతాం. నడిపివాడికి కారం తగ్గించిన ఊరుబిండి. పెద్దవాడికి ఏదైనా సరే, సంగటి ముద్ద మాత్రం పెద్దది కావాలి. ఎవరి కడుపు ఎంతో, ఎవరి నాలుక ఎంత కారం ఓర్చుకుంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి బడిలో? యాభై మందికీ ఒకటే పాఠం, ఒకటే వేగం. వచ్చినవాడు ఆవులిస్తూ కూర్చుంటాడు, రానివాడు తల దించుకుని కూర్చుంటాడు.

ఇది టీచర్ల మీద నింద కాదు. నలభై అయిదు నిమిషాల పీరియడులో యాభై మందిని విడివిడిగా చూడాలంటే ఒక్కొక్కరికి నిమిషం కూడా రాదు. ఆ నిమిషం పని యంత్రం చేస్తుందని ఇప్పుడంటున్నారు. కంప్యూటరో ట్యాబో పిల్లవాడి ముందు పెడితే వాడికేం వచ్చో, ఏం రాదో తెలుసుకుని వాడికి తగిన పాఠం చెబుతుందట! వినడానికి బాగానే ఉంది. అయితే పాఠం చెప్పే యంత్రాలు మన సీమకు కొత్తేమీ కాదు.

1975 ఆగస్టు 1న దేశంలో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు మొదలయ్యాయి. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన ఇస్రో ఏడాదిపాటు వాడుకుంది. 'సైట్' అని పిలిచిన ఆ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపిక చేసిన జిల్లాల్లో కర్నూలు ఒకటి. పొద్దున పూట బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. కరెంటే సరిగా లేని రోజుల్లో పల్లె జనం పెట్టె ముందు కూర్చుని బొమ్మలు కదలడం చూశారు. 1976 జూలై 31తో ఏడాది నిండింది, ప్రయోగం ముగిసింది. ఎంత గొప్ప సంగతైనా, అది కూడా అందరికీ ఒకే ముద్దే. ఆకాశం నుంచి వచ్చే పాఠానికి, ముందు వరసలో కూర్చున్న పిల్లకు అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?

2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు సప్తగిరి ఛానెల్‌లో పాఠాలు చెప్పారు. అదీ అంతే. ఆ తర్వాత ట్యాబ్‌ల వంతు. 2022 డిసెంబరు 21న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మళ్లీ ఎనిమిదో తరగతికి వచ్చినవాళ్లకు ఇచ్చారు. అందులో బైజూస్ సంస్థ పాఠాలు, రంగురంగుల బొమ్మలతో చక్కగానే ఉండేవి. ఆ సంస్థ వ్యవహారమే 2024 జూలైలో దివాలా విచారణ దాకా పోయింది. అది వేరే కథ. నేను చెప్పదలచుకున్నది చిన్న సంగతి. ఎనిమిదో తరగతి పిల్ల చేతిలో ఎనిమిదో తరగతి పాఠాలున్న ట్యాబ్ పెడితే, ఐదో తరగతి లెక్క దగ్గరే ఆగిపోయిన పిల్లకు ఏం ఒరుగుతుంది? గోడమీది నల్లబల్ల ఒళ్లోకి వచ్చిందంతే!

ట్యాబ్ ఇవ్వడం వేరు, ఏ బిడ్డకు ఆ బిడ్డ పాఠం ఇవ్వడం వేరు. ఈ తేడా మనబోటి తల్లులకు తెలియాలి.

43లోంచి 27 తీస్తే...

ఈ రెండో రకం యంత్రం ఎలా పనిచేస్తుందో చూడండి. 43లోంచి 27 తీసేయమంటే ఒక పిల్లవాడు 24 అని రాశాడనుకుందాం. టీచరు యాభై నోట్‌బుక్కులు దిద్దాలి, ఇంటూ కొట్టి పక్కన పెడతారు. నిజానికి ఆ 24 ఊరికే రాలేదు. 3లోంచి 7 పోదు కాబట్టి వాడు తిప్పి, 7లోంచి 3 తీసేశాడు, 4 వచ్చింది. 4లోంచి 2 తీస్తే 2. వాడి లెక్కలో వాడు సరిగ్గానే ఉన్నాడు! వాడికి రానిది తీసివేత కాదు, పదుల ఇంట్లోంచి ఒకదాన్ని అరువు తెచ్చుకోవడం. మంచి సాఫ్ట్‌వేర్ అయితే 24 చూడగానే ఈ సంగతి పట్టుకుంటుంది. ఇంకో పది తీసివేతలు ఇవ్వకుండా పుల్లల కట్టలు బొమ్మ వేసి, ఒక కట్ట విప్పి చూపిస్తుంది. అది వచ్చాక మళ్లీ 43 దగ్గరికి తీసుకొస్తుంది. పక్కనే కూర్చున్న పిల్లకు అదే సమయంలో శాతాలు నడుస్తుంటాయి. ఒకే గది, ఒకే పీరియడు!

ఇలాంటి 'మైండ్‌స్పార్క్' అనే సాఫ్ట్‌వేర్‌ను ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అనే ముగ్గురు పరిశోధకులు పరీక్షించారు. 2019లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 619 మంది పిల్లల్లో లాటరీ తీసి కొందరికి బడి అయ్యాక ఈ కేంద్రాల్లో చదివే అవకాశం ఇచ్చారు. సగం సేపు కంప్యూటరు, సగం సేపు చిన్న గుంపుగా కూర్చోబెట్టి చెప్పే మాస్టారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా బాగా ముందుకొచ్చారు. ఆ అధ్యయనంలో నన్ను కలవరపెట్టిన సంగతి ఇంకోటుంది. ఆరో తరగతిలో ఉన్న పిల్లలు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తరగతి పెరిగేకొద్దీ ఆ దూరమూ పెరిగింది. బాగా వెనకబడినవాళ్లు మామూలు క్లాసులో ఏడాదంతా కూర్చున్నా దాదాపు ఏమీ నేర్చుకోవడం లేదు. రోజూ క్యారియరు కట్టి, జడలు వేసి బడికి పంపే తల్లికి ఈ మాట ఎవరు చెబుతారు?

మన రాష్ట్రంలో కూడా కొన్ని ప్రభుత్వ బడుల్లో కాన్వీజీనియస్ సంస్థ సాఫ్ట్‌వేర్‌తో ట్యాబ్ గదులు పెట్టారు. పిల్లలు వంతులవారీగా వచ్చి ఎవరి పాఠం వాళ్లు చేసుకుంటారు. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ పంచుకున్న మైఖేల్ క్రెమెర్ బృందం ఈ బడులను, ట్యాబ్ గదులు లేని బడులతో పోల్చి చూసింది. ఇక్కడా పిల్లల చదువు మెరుగైంది. ఈ ట్యాబ్‌లు ఇంటికి పోవు, బడిలోనే ఉంటాయి. వాటికంటూ టైంటేబుల్‌లో ఒక పీరియడు ఉంటుంది. నాకైతే ఇదే అసలు కిటుకు అనిపిస్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

సుగ్గి నుంచి వచ్చిన పిల్ల

కర్నూలు జిల్లా పడమటి పల్లెల సంగతి తెలిసినవాళ్లకు 'సుగ్గి' అంటే ఏమిటో తెలుసు. కోసిగి, ఆదోని, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు దసరా దాటాక పల్లెలకు పల్లెలు ఖాళీ అవుతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. మళ్లీ ఉగాదికే రావడం. ముసలివాళ్లూ కోళ్లూ మిగులుతాయి. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు గానీ, ఎదిగిన ఆడపిల్లను వదిలి వెళ్లడానికి తల్లికి మనసొప్పదు.

మొన్న మార్చిలో ఆదోని బస్టాండులో మూటల మీద కూర్చున్న తల్లీకూతుళ్లను చూశాను. పిల్ల వేళ్లు మిరపకాయల ఘాటుకు ఎర్రగా పొక్కి ఉన్నాయి.

"పాప చదువుకుంటోందా?" అన్నాను.

"ఏడో తరగతి అక్కా. దసరా అయినాక సుగ్గికి పోతిమి. ఈడ వానల్లేవు, పనుల్లేవు. ఈ పిల్లను ఎవురికాడ ఇడిసిపోవాల? ఆడికొస్తే అదీ ఒక చెయ్యి అయితాది" అంది తల్లి.

"మళ్లీ బడికి పోతావా అమ్మా?" అని పిల్లనడిగాను.

"పోతా. లెక్కలే రావు. నేను పొయ్యేటప్పుడు భిన్నాలు చెప్తాండ్రి. ఇప్పుడు పోతే ఎక్స్ అంటారు, వై అంటారు. అడిగితే అందురూ నగుతారు."

అందరూ నవ్వుతారు! బడి మానేసిన ఆడపిల్లల్లో ఎంతమంది ఈ ఒక్క మాటకు మానేశారో. పదమూడేళ్ల పిల్ల లేచి నిలబడి "సార్, నాకు భిన్నాలు రావు" అనగలదా? యంత్రం నవ్వదు. నాలుగో తరగతి లెక్క అడిగినా పక్కవాళ్లకు తెలియదు. సుగ్గికి పోయొచ్చిన పిల్లకు ఏ బిడ్డకు ఆ బిడ్డ పాఠం అన్నది షోకు కాదు, బడిలో నిలబడ్డానికి ఉన్న దారి.

భాష సంగతి ఇంకోటి. ఆదోని వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు. కర్నూలు, కడప పాతబస్తీల్లో ఉర్దూ పిల్లలున్నారు. లెక్క ఇంగ్లీషులో అడిగితే, పిల్లవాడికి రానిది లెక్కా, ఇంగ్లీషా? ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఉన్న పాఠ్యపుస్తకాలు 2020 నుంచి వచ్చాయి. యంత్రమూ ఆ తేడా పట్టుకోలేకపోతే లెక్క వచ్చిన పిల్లను కూడా కింది మెట్టుకు దించేస్తుంది.

కరెంటు లేకుండానే...

ఇక్కడ మన సీమ గురించి కాస్త గర్వంగా ఒక మాట చెప్పాలి. ఏ పిల్ల వేగం ఆ పిల్లదే అనే చదువు మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో ఏనాడో మొదలైంది, కంప్యూటరు లేకుండానే! అక్కడి గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపించారు. ఒకే గది, ఒకే టీచరు, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలంతా అక్కడే. వాళ్లు పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి అట్టముక్కల మీద చిన్న చిన్న పనులుగా రాశారు. అట్ట మీద ఒక గుర్తు, నంబరు. గోడకు ఒక నిచ్చెన పటం. పిల్ల వచ్చి నిచ్చెన మీద తన మెట్టు చూసుకుంటుంది, అలమరలోంచి ఆ గుర్తున్న అట్ట తీసుకుంటుంది, చాప మీద తన గుంపులో కూర్చుని చేసుకుంటుంది. ఒక గుంపుకు టీచరు కావాలి, ఇంకో గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. పది రోజులు జ్వరం వచ్చి రాకపోయినా, కోతలకు పోయినా భయం లేదు. ఆ పిల్ల మెట్టు ఆ పిల్ల కోసం కాచుకుని ఉంటుంది!

ఆ అట్టల పెట్టెను 'పెట్టెలో బడి' అన్నారు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటలో కర్ణాటక టీచర్లు దాన్ని 'నలి-కలి'గా మార్చుకున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై, కొన్నేళ్లలో తమిళనాడు ప్రభుత్వ బడులన్నింటికీ పాకింది. మన పెరటి చెట్టు పొరుగువాళ్లకే ఎక్కువ నీడనిచ్చిందేమో అని నాకు కొంచెం కినుకగానే ఉంటుంది.

అట్టలకు చార్జింగు అక్కర్లేదు, పగిలిపోతాయన్న భయం లేదు. అయితే పిల్ల చేసింది తప్పా ఒప్పా చూసే కళ్లు మాత్రం టీచరువే. ట్యాబ్ ఆ పని తగ్గిస్తుంది, ఎవరు ఏ మెట్టు మీదున్నారో లెక్క రాసిపెడుతుంది. రెండింట్లో ఏది గొప్పని కొట్లాడుకోనక్కర్లేదు. రెండింటికీ మూలం ఒకటే, పిల్ల ఆగిన చోట పాఠం మొదలవడం.

ఇందాక ట్యాబ్‌లు బడిలోనే ఉండడం అసలు కిటుకు అన్నాను కదా. ఇంటికొచ్చిన వస్తువు ముందు ఎవరి చేతికి పోతుందో మనకు తెలియనిది కాదు. అన్నకు పోతుంది, తమ్ముడికి పోతుంది, నాన్న క్రికెట్ చూసుకుంటాడు. అమ్మాయి అంట్లు తోమి, నీళ్లు పట్టి వచ్చేసరికి చార్జింగు అయిపోయి ఉంటుంది. బడిలో పీరియడు ఉంటే, ఆ నలభై నిమిషాలూ ఆ పిల్లవే. ఎవరూ లాక్కోలేరు.

కడప జిల్లాలో ఇంకోరకం ఇళ్లున్నాయి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి ఉంటుంది, పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతుంటారు. అవ్వకు చదువు రాదు. బడిలో మీటింగ్ అంటే కొంగు కప్పుకుని వెనక కూర్చుని వస్తుంది. ట్యాబ్‌లో చేరిన లెక్క ఆ అవ్వకు అర్థమయ్యేలా టీచరు నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఆ పని యంత్రం చేయదు. సుగ్గి నుంచి రాని పిల్ల కోసం ఇంటికి పోయి తలుపు తట్టేదీ, పెళ్లి మాటలు నడుస్తున్నాయని పసిగట్టేదీ కూడా టీచరే. ట్యాబ్‌లొచ్చాయి కదా, టీచరు పోస్టు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు అని ఎవరన్నా అంటే నమ్మకండి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా తల్లిదండ్రులను బడులకు పిలిచి మెగా మీటింగ్ పెట్టారు. 2025లోనూ పిలిచారు. ఈసారి పిలిస్తే మార్కులెన్ని అని అడిగి ఊరుకోకండి. మా పాప లెక్కల్లో ఏ తరగతి మెట్టు మీదుంది, మూడు నెలల కింద ఎక్కడుండింది అని అడగండి. ట్యాబ్ గది ఉంటే తాళం ఎవరి దగ్గరుంటుంది, వారానికి ఎన్నిసార్లు తీస్తారు, చెడిపోయినవి ఎన్ని, బాగుచేసేదెవరు అని అడగండి. పగులుతాయేమో అని బీరువాలో భద్రంగా దాచిన ట్యాబ్ కన్నా, నలిగిపోయిన అట్టముక్క నయం.

ఇప్పుడు పిల్లలకు పన్నెండు అంకెల అపార్ నంబరు ఇస్తున్నారు. పిల్ల ఏ ఊరికి పోయినా ఆ నంబరు మారదు. దాంతోపాటు పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో కూడా కోసిగి బడి నుంచి గుంటూరు మిరప పొలాల పక్కనున్న బడికి చేరిందనుకోండి, ఆ నాలుగు నెలలూ అక్కడ భిన్నాలు నడుస్తాయి. ఉగాదికి తిరిగొచ్చినప్పుడు ఇక్కడి టీచరు ఆ పై మెట్టు నుంచి అందుకోవచ్చు. పొలాల దగ్గర ఆ పిల్లను బడిలో కూర్చోబెట్టుకునే టీచరు ఒకరుండాలి, సాయంత్రం దాకా కోతకు పిలవకుండా మేస్త్రీ ఊరుకోవాలి.